"గేమ్ ల్యాగ్ అవుతోంది": ఏ ల్యాగ్?

అచ్చుతప్పు: పాత ప్రాసెసర్ మార్చాలా వద్దా అన్న తెలుగు వ్యాసం ఒకటి దిద్దుతున్నాను. ఉదాహరణ ఇంటెల్ ప్రాసెసర్ ఐ7-4790, దానికి ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. వ్యాసమంతా "ల్యాగ్" అనే ఉంది. ఒకచోట నెట్ ఆలస్యం, ఒకచోట ఫ్రేములు (తెరమీద మారే బొమ్మలు) తక్కువ రావడం, ఇంకోచోట ఆగి ఆగి రావడం. వేర్వేరు మాటలు పెట్టొచ్చా?

పాతపెట్టె: పెట్టాల్సిందేనండీ, మూడింటికీ మందు వేరు. కాల్చిన కాసేపటికి శత్రువు పడితే అది "జాగు". పింగ్ (నెట్‌లో సమాచారం వెళ్లి రావడానికి పట్టే సమయం) సంగతి, ఏ ప్రాసెసర్ కొన్నా పోదు.

ఆట మొదటినుంచీ ఒకే తీరున నెమ్మదిగా ఉంటే "నత్తనడక". ముందు వీసింక్ (ఫ్రేములను తెర వేగానికి కట్టేసే సెట్టింగు), ఫ్రేమ్ లిమిట్ తీసేయాలి, లేకపోతే కార్డు ఖాళీగా ఉన్నట్టు కనబడి మోసపోతాం. ఆ తర్వాత ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే కొలిచే సాఫ్ట్‌వేర్‌లో కార్డు వాడకం చూడాలి. 95 శాతం దాటితే కార్డుదే భారం, ప్రాసెసర్ జోలికి పోనక్కర్లేదు. 60, 70 దగ్గరే ఉంటే రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించి చూడాలి. అప్పటికీ ఫ్రేములు పెరగకపోతే ప్రాసెసర్ దగ్గరే పట్టేస్తోందని అర్థం. టాస్క్ మేనేజర్‌లో మొత్తం శాతం చూసి "సగం కూడా వాడట్లేదు" అనుకోవద్దు. 4790లో 8 త్రెడ్లు (ఒకేసారి నడిచే పనివరుసలు). ఒకటి నిండా పనిచేసినా మొత్తంలో కనబడేది 12.5 శాతమే. ఆటలో ముఖ్యమైన పనంతా ఆ ఒక్కదాని మీదే పడొచ్చు. అందుకే త్రెడ్ల వారీగా చూడాలి.

మూడోది "కుదుపు". సగటు 70 ఫ్రేములు ఉన్నా జనం ఉన్న వీధిలోకి వెళ్లగానే పట్టిపట్టి వస్తుంది. సెకనుకు 60 రావాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. మధ్యలో ఒకటి 60 మిల్లీసెకన్లు తీసుకుంటే కంటికి తెలిసిపోతుంది. నాలుగు కోర్ల పాత చిప్పులు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. అలాగని నేరం వెంటనే దానిమీద వేయకండి. ర్యామ్ ఒకే స్టిక్ ఉన్నా, ఆట హార్డ్‌డిస్కులో ఉన్నా, కార్డు మెమరీ నిండినా ఇదే కుదుపు. చిప్పుకీ కూలర్‌కీ మధ్య ఉండే పేస్టు ఎండిపోయి చిప్పు వేడెక్కితే దాని వేగం (క్లాకు) 3.6 గిగాహెర్ట్జ్ కిందికి జారుతుంది. దానికి కొత్త పేస్టు చాలు.

గోదారిగట్టు: "కుదుపు" బ్రహ్మాండం. "జాగు" మాత్రం నాకు నచ్చలేదు. "జాగు చెయ్యకురా" అంటాం, అది మనిషి చేసే పని. నెట్‌కి "ఆలస్యం" చాలు. మరి బాటిల్‌నెక్ (ఒక భాగం మిగతావాటిని ఆపేయడం)? "సీసా మెడ" అని రాస్తే చదవలేను. మంచి కార్డు ఉండీ ఆట ఆడకపోతే "అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని" అనేదే సరి!

పాతపెట్టె: సామెత శీర్షికకి వాడుకోండి. వాక్యంలో "ప్రాసెసర్ దగ్గర పట్టేస్తోంది" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. "ఆలస్యం"తో నాకు పేచీ లేదు. ఇంకోటి, 4790 విషయంలో "ప్రాసెసర్ అప్‌గ్రేడ్" అన్న మాటే తప్పుదారి పట్టిస్తుంది. ఆ సాకెట్లో (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) అంతకంటే పెద్దగా మేలైనది లేదు. మారిస్తే బోర్డు, డీడీఆర్3 ర్యామ్ కూడా పోవాల్సిందే, కాబట్టి "మూడూ మార్చడం" అని రాయండి. పైగా విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్‌వి, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, 8వ తరం నుంచే ఉన్నాయి.

ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 1600 అయితే వేరు. ఏఎం4 సాకెట్ బోర్డు ఉంచేసి రైజెన్ 5 5600 వేసుకోవచ్చు. బోర్డు తయారీదారు జాబితాలో ఆ చిప్పు ఉందో లేదో చూసి, పాత చిప్పు ఉండగానే బయాస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి. కొత్తది పెట్టాక చేద్దామంటే తెర వెలగకపోవచ్చు. కూలర్‌ని నేరుగా పైకి లాగకూడదు, పేస్టుకి అంటుకుని చిప్పు కూడా వచ్చేసి పిన్నులు వంగుతాయి. కాసేపు ఆట నడిపి, వెచ్చబడ్డాక కంప్యూటర్ ఆపి, కూలర్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి.

అచ్చుతప్పు: ఆలస్యం, నత్తనడక, కుదుపు ఖాయం చేస్తున్నాను. ఫ్రేమ్‌టైమ్‌కి (ఒక్కో ఫ్రేముకు పట్టే సమయం) కూడా తెలుగు చూడమంటారా?

గోదారిగట్టు: వద్దండీ. ఆఫ్టర్‌బర్నర్ గ్రాఫు మీద ఆ పేరే ఉంటుంది, చదివినవాళ్లు అక్కడ వెతుక్కోవాలి కదా.