పది నెలల పాప ఉన్న ఇంట్లో దోమలకు వేపాకు పొగా, లిక్విడ్ మెషీనా? మీరేమంటారు

కూకట్‌పల్లి_కోడలు:
మా పాపకు పది నెలలు. కాళ్ళూ చేతులూ నిండా దోమకాట్లు, ఎర్రగా దద్దుర్లు లేచి గోక్కుంటోంది. మా అత్తయ్య రోజూ సందెవేళ ఎండు వేపాకు, సాంబ్రాణి వేసి ఇల్లంతా పొగ పెడతారు. మా ఆయనకి ఆ పొగ అస్సలు పడదు, తలుపులు కిటికీలు బిగించి లిక్విడ్ మెషీన్ ఆన్ చేస్తారు. ఇద్దరిదీ పంతమే, మధ్యలో నేను. ఈ రెండింటిలో పిల్లకి ఏది తక్కువ నష్టం? కుట్టిన చోట సున్నం రాయమంటున్నారు, రాయొచ్చా? డాక్టర్ని అడగమని మాత్రం చెప్పకండి, టీకాకి వెళ్ళినప్పుడు ఎలాగూ అడుగుతాను.

పెరటి_వేప:
మీ అత్తయ్యగారి మాటే నాది. తణుకు దగ్గర మా ఊళ్ళో ఇప్పటికీ గొడ్లచావిట్లో పిడక నిప్పు మీద వేపాకు వేస్తారు, దోమ దగ్గరికి రాదు. మేమంతా ఆ పొగలోనే పెరిగాం. బుడ్డిలో ఏ మందు ఉందో తెలియకుండా రాత్రంతా పిల్ల పక్కన పెట్టి వెలిగించడం కన్నా మన చెట్టు ఆకు నయం కాదా?

ల్యాబ్_కోటు:
గొడ్లచావిడికి గోడలుండవు సార్, వీళ్ళది ఫ్లాట్. ఆకు మనదైనా పొగ పొగే, అందులోని సన్నని రేణువులు చంటిపిల్ల ఊపిరితిత్తుల్లోకి నేరుగా పోతాయి. ఒక్క దోమల కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉన్నన్ని అని 2003లో ఒక అధ్యయనంలో తేలింది. బుడ్డిలో మందు ఏమిటో లేబుల్ మీదే ఉంటుంది, ఎక్కువగా ట్రాన్స్‌ఫ్లూత్రిన్. చామంతి జాతి పువ్వుల్లో దొరికే పైరెత్రిన్లు అనే, పురుగుల్ని చంపే పదార్థాల నమూనాలో ఫ్యాక్టరీలో తయారు చేసిన మందు. రేణువుల లెక్కలో కాయిల్ కన్నా అది మేలు. కానీ తలుపులన్నీ బిగించి వాడటం తప్పు, మీ ఆయనకి ఆ ముక్క గట్టిగా చెప్పండి. కాస్త గాలి ఆడాలి, మెషీన్ పిల్ల తలవైపు ఉండకూడదు.

పెరటి_వేప:
కాయిల్ లెక్క తెచ్చి వేపాకు నెత్తిన రుద్దితే ఎలాగండీ? ఆ అధ్యయనంలో కొలిచింది కాయిళ్ళని, ఆకుల్ని కాదు. పైగా అవి కొలిచిన రేణువుల బరువు లెక్కలే తప్ప అన్ని సిగరెట్లు తాగినట్టని కాదు. రాత్రంతా వాడమని నేనూ అనలేదు. తలుపులు తెరిచి, పిల్లని బయట ఎత్తుకుని, ఓ పావుగంట పెట్టి, పొగంతా పోయాక లోపలికి రావచ్చు కదా.

ల్యాబ్_కోటు:
అలా అయితే నాకు పెద్ద పేచీ లేదు. కానీ పొగ పోయాక దోమలు మళ్ళీ వస్తాయి, అదీ ఒప్పుకోండి మరి.

నైట్‌షిఫ్ట్_నాన్న:
ఇంత గొడవెందుకు బ్రో, మా వీధి కిరాణాలో హెర్బల్ దోమల అగరబత్తి దొరుకుతుంది. ఒకటి వెలిగిస్తే తెల్లారేదాకా గదిలో ఒక్క దోమ ఉండదు.

ల్యాబ్_కోటు:
అంత బాగా పనిచేస్తుంటేనే అనుమానించాలి. హెర్బల్ అని పేరు పెట్టి అనుమతి లేని క్రిమిసంహారకాలు కలిపిన అగరబత్తులు మార్కెట్లో చాలా దొరికాయి, డైమెఫ్లూత్రిన్ లాంటివి. 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం ప్రకారం దోమల మందు ఏదైనా కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీ దగ్గర రిజిస్టర్ అవ్వాలి, ఆ నంబరు డబ్బా మీద ఉండాలి. మీ అగరబత్తి ప్యాకెట్ తిప్పి చూడండి. నంబరు లేకపోతే పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు.

సంపు_మూత:
మలేరియా విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైర్ అయ్యాను. ఇక్కడ అందరూ రాత్రి గురించే కొట్టుకుంటున్నారు. చెవి దగ్గర గుయ్యిమనే రాత్రి దోమ ఎక్కువగా క్యూలెక్స్, మురికి కాలువల్లో, నాలాల్లో పుడుతుంది, బోదకాలు మోసేది అదే. నాలా పక్కన ఉంటే మీరు ఇంట్లో ఎంత ఊడ్చినా దాని పుట్టుక ఆగదు, అది మున్సిపాలిటీ చేయాల్సిన పని. డెంగీ దోమ ఏడిస్ పగటి దోమ. పొద్దున, మళ్ళీ పొద్దుగూకే ముందు ఎక్కువగా కుడుతుంది, మంచం కింద, కర్టెన్ల వెనక నక్కి ఉంటుంది. పది నెలల పిల్ల పగలు ఎన్ని గంటలు పడుకుంటుందో ఆలోచించండి. అత్తయ్యగారి పొగ లేచేది సందెవేళ, మీ ఆయన మెషీన్ వెలిగేది రాత్రి. పగలంతా కాపలా ఎవరు?

ఈ డెంగీ దోమ పుట్టేది మంచి నీళ్ళలో, చాలాసార్లు మన ఇంట్లోనే. ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్, మనీప్లాంట్ సీసా, కుండీ కింద పళ్ళెం, మూత సరిగా పడని సంపు, డాబా మీద పడేసిన పాత రోలు, టైరు, కొబ్బరి చిప్ప. గుడ్డు నుంచి దోమ అవడానికి మన వాతావరణంలో వారం, పది రోజులు చాలు, వారానికోసారి డ్రై డే, అంటే నిల్వ నీళ్ళన్నీ ఖాళీ చేసే రోజు, అని మేం మొత్తుకునేది అందుకే. 2020లో ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని కేటీఆర్ ప్రచారం చేసిందీ ఇదే. నీళ్ళు పారబోస్తే సరిపోదు, గుడ్లు అంచుకి అతుక్కుని నెలల తరబడి ఎండినా చావవు, నీళ్ళు తగలగానే పొదుగుతాయి, పీచు పెట్టి రుద్దాల్సిందే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది ఇదే ఊళ్ళో, బేగంపేటలో. మనవాళ్ళు మాత్రం నేటికీ ఫాగింగ్ బండి కోసం ఎదురుచూస్తారు. అది ఎగిరే దోమని చంపుతుంది, నీళ్ళలోని దోమ పిల్లల్ని ఏమీ చేయదు.

పిల్లల_వార్డు:
నర్సుగా చెబుతున్నా అక్కా, సున్నం వద్దు. ఘాటు క్షారం, పాప చర్మం కాలుతుంది. టూత్‌పేస్ట్ కూడా వద్దు. నిమ్మరసం రాసి ఎండలోకి తీసుకెళ్తే బొబ్బలు, మచ్చలు. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం మన ఇళ్ళలో మామూలే గానీ రెండేళ్ళలోపు పిల్లలకి మాత్రం రాయకండి, కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. సబ్బుతో కడిగి, చల్లటి తడిగుడ్డ కాసేపు ఉంచి, కాలమైన్ లోషన్ అద్దండి. గోళ్ళు కత్తిరించండి, గోకిన చోటే చీము పడుతుంది. దురద మందు బరువుని బట్టి డాక్టరు రాసిందే వేయాలి. ఒళ్ళంతా దద్దుర్లయినా, జ్వరం వచ్చినా ఆగకండి. డెంగీ అనుమానం ఉంటే పారాసిటమాల్ మాత్రమే, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు.

కూకట్‌పల్లి_కోడలు:
ఒంటికి రాసే దోమల క్రీము రాయొచ్చా మరి?

పిల్లల_వార్డు:
రెండు నెలలు దాటితే కొన్ని రాయొచ్చు, డబ్బా మీద వయసు చూడండి. చేతులకి వద్దు, నోట్లో పెట్టుకుంటుంది. గోకి పుండు పడిన చోట, కళ్ళ దగ్గరా వద్దు. నిమ్మ యూకలిప్టస్ నూనె ఉన్నవి మూడేళ్ళలోపు పిల్లలకి పనికిరావు.

మదనపల్లె_మామ:
ఎవరూ దోమతెర ఊసే ఎత్తలేదేం? మాకు కరెంటు పోతే మెషీన్ ఎక్కడ వెలుగుతుంది! గొడుగులా తెరుచుకునే చిన్న తెర తెచ్చి పిల్ల పగటి నిద్రకి కూడా వేసెయ్యమ్మా, మందూ లేదు, పొగా లేదు.

నైట్‌షిఫ్ట్_నాన్న:
తెరలో ఫ్యాన్ గాలి తగలక మా వాడు చెమటకి ఏడ్చేస్తాడు మామా. ఏప్రిల్, మే నెలల్లో ఎవరు పడుకుంటారు అందులో?

సంపు_మూత:
ఫ్యాన్ తెరకి దగ్గరగా పెట్టుకోండి. గాలి విసురుకి దోమ కూడా సరిగ్గా ఎగరలేదు, రెండందాలా లాభం. తెరకి చెయ్యో కాలో ఆనించి పడుకుంటే మాత్రం బయటినుంచే కుడుతుంది, చూసుకోండి.

పెరటి_వేప:
తెర నేనూ ఒప్పుకుంటాను. సందెవేళ పొగ మాత్రం మానను, మా ఇంట్లో ఎవరికీ ఆయాసం లేదు.

కూకట్‌పల్లి_కోడలు:
ఫ్రిజ్ వెనక ట్రే ఇప్పుడే లాగి చూశాం. నీళ్ళలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి, అత్తయ్యే పారబోసి రుద్దుతున్నారు. పాపకి తెర రేపు తెస్తాం. కిటికీలకి మెష్ కొట్టించాలంటే కొలత ఎలా తీసుకోవాలి?

మదనపల్లె_మామ:
వెల్క్రోది అయితే కన్నం కొలత కాదమ్మా, చుట్టూ ఫ్రేమ్ మీద పట్టీ అంటుకునే వెడల్పు కూడా కలిపి ఇవ్వు. ఉతకడానికి తీసేలా ఉండాలి. బాత్రూం వెంటిలేటర్ మర్చిపోవద్దు.