ఏమీ చేయకుండా కాసేపు కూర్చోవడం మీకు కుదురుతోందా?

కూకట్‌పల్లి కోడర్:
ఆదివారం భోజనమయ్యాక కాసేపు నడుం వాల్చుదామంటే చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతుంది. రీల్స్ చూసి లేచేసరికి కళ్లు మంటలు, మెడ పట్టేసి ఉంటుంది, సెలవు అయిపోయిందన్న బెంగ. పోనీ ఫోన్ పక్కన పడేసి ఊరికే కూర్చుంటే, ఏదో పని ఎగ్గొట్టినట్టు లోపల టెన్షన్. సోమవారం మీటింగ్‌లో ఏం చెప్పాలన్న ఆలోచన ఆదివారం సాయంత్రానికే మొదలైపోతుంది. మీలో ఎవరికైనా నిజంగా ఊరికే ఉండటం కుదురుతోందా? ఎలా కుదుర్చుకున్నారు? మెడిటేషన్ యాప్‌ల పేర్లు మాత్రం చెప్పకండి, అవీ నాకు ఇంకో పనిలాగే ఉన్నాయి.

మగ్గం గుంట:
మాది చీరాల వైపు చేనేత కుటుంబం. మా ఇళ్లలో అమావాస్యనాడు మగ్గం ముట్టరు. తెల్లారితే వీధంతా వినిపించే మగ్గం నాడె చప్పుడు ఆ రోజు ఉండదు. నాన్న తలంటుకొని అరుగు మీద గోడకానుకొని కూర్చునేవాడు. అమ్మకి నూలు కండెలు చుట్టే పని ఉండదు కాబట్టి రాట్నం మూలన ఉండేది. రోజంతా గుంటలో కాళ్లు పెట్టి తొక్కే మనిషికి నడుము, మోకాళ్లు ఎలా పట్టేస్తాయో చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఆ రోజు నాన్నని "ఖాళీగా కూర్చున్నావేం?" అని ఎవరూ అడిగేవారు కాదు. ఊళ్లో మగ్గాలన్నీ ఆగాయి మరి. మా వైపు తాపీ మేస్త్రీలు కూడా అమావాస్య పాటిస్తారు. మీ టెన్షన్‌కి కారణం నాకు ఇక్కడే కనిపిస్తోంది కోడర్ గారూ. మీరు ఒక్కరే ఆగుతున్నారు. మీ ఆఫీస్ గ్రూప్‌లో ఆదివారం కూడా మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి కదా?

కూకట్‌పల్లి కోడర్:
వస్తాయండి. చూడకపోతే ఏం మిస్సయ్యానో అని భయం.

అరుగు మీద పెద్దాయన:
ఆదివారం సెలవు మనకి ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు నాయనా. బొంబాయి మిల్లు కార్మికుల కోసం కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884 నుంచి అడుగుతూ వస్తే, 1890 జూన్‌లో యజమానులు ఒప్పుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టంలో వారానికో సెలవు ఉండాలన్నారు. ఏకధాటిగా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ రాశారు. నేను ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యాను. ఆ అరగంటలో చెట్టు కింద తువ్వాలు పరుచుకొని పడుకునేవాళ్లం. అన్నం ఎంత ముఖ్యమో మాకు అదీ అంతే. అంత కష్టపడి సాధించిన సెలవుని మీ తరం ఫోన్ చేతికి అప్పగిస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

షోరూమ్ అక్క:
నేను పెద్ద చీరల షాపులో పని చేస్తాను. పొద్దున ఎక్కితే రాత్రి షట్టర్ దించే దాకా నిలబడే ఉండాలి. కస్టమర్ లేకపోయినా కూర్చోనివ్వరు. విప్పిన చీరలు మళ్లీ మడత పెడుతూ ఉండాలి, పైన కెమెరా చూస్తుంటుంది. పండగ సీజన్‌లో ఇంటికెళ్లేసరికి చెప్పు పట్టనంతగా పాదాలు వాచిపోతాయి. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పని చేసేవాళ్లకి కూర్చునే హక్కు చట్టంలో పెట్టారు. ఇక్కడ కూడా ప్రతి షాపులో ఒక స్టూల్ వేయించాలని నా కోరిక. ఊరికే కూర్చోవడం మీకు కష్టంగా ఉందంటున్నారు, నాకు ఐదు నిమిషాలు దొరికితే చాలు.

పొద్దుతిరుగుడు:
మగ్గం గుంట గారూ, మీ అమ్మగారికి కండెల పని లేదు, సరే. ఆ రోజు వంట ఎవరు చేశారు?

గొడవ కోసం అడగట్లేదండి. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్లు 88 నిమిషాలేనని తేలింది. ఆదివారమైతే మాకు పని ఇంకా పెరుగుతుంది. చికెన్, మసాలా నూరడం, వచ్చేపోయే చుట్టాలు. మూడింటికి కూర్చుంటే "టీ పెడతావా?" అంటారు.

మా ఇంట్లో నేను ఒకటే చేశాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నన్ను పిలవొద్దని చెప్పి గదిలోకి వెళ్లిపోయాను. మొదట్లో తలుపు దగ్గరికొచ్చి "పంచదార డబ్బా ఎక్కడ?" "పాలు విరిగాయా?" అని అడిగేవారు. డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించాను. ఇప్పుడు మావారే టీ పెట్టుకుంటారు, నాక్కూడా ఒక కప్పు మూతపెట్టి ఉంచుతారు. నేను ఫ్యాన్ కింద పడుకొని పైకి చూస్తుంటాను. ఒక్కోసారి నిద్ర పడుతుంది, ఒక్కోసారి పట్టదు. మనిషి ఊరికే కూర్చోవాలంటే ఇంట్లో ఇంకెవరో లేచి ఆ పని అందుకోవాలి.

మగ్గం గుంట:
వంట అమ్మే చేసిందండి. మీరు అడిగాకే ఆలోచిస్తున్నాను.

జీవశాస్త్రం టీచర్:
ఒక్క మాట చెప్తాను. శరీర బరువులో మెదడు 2 శాతమే, కానీ మనం వాడే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆ వాడకం పెద్దగా తగ్గదు. పాత సంగతులు నెమరేసుకోవడం, రేపటి గురించి ఊహించుకోవడం అప్పుడే సాగుతాయి. ఆ సమయంలో చురుగ్గా ఉండే భాగాల గురించి మెదడు మీద పరిశోధన చేసే మార్కస్ రైకిల్ బృందం 2001లో రాసింది. రీల్స్ చూస్తుంటే మెదడుకి ఆ వీలు చిక్కదు. పగటి కునుకు విషయానికొస్తే, 1994 నాటి నాసా నివేదికలో సగటున 26 నిమిషాలు కునుకు తీసిన పైలట్లు తీయనివాళ్లకంటే చురుగ్గా ఉన్నారని ఉంది. గంటలు గంటలు పడుకుంటే మాత్రం లేచాక తల దిమ్ముగా ఉంటుంది. ఎంత రెస్ట్ తీసుకున్నా నీరసం పోకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.

కూకట్‌పల్లి కోడర్:
అందరికీ థ్యాంక్స్. ఆదివారం ఆఫీస్ గ్రూప్ మ్యూట్ చేస్తాను, అర్జెంట్ అయితే ఫోన్ చేయమని టీమ్‌కి చెప్పేశాను. రాత్రి వంట నాది. మా ఆవిడకి ఈ చర్చ చూపిస్తే, తనకి ముందు ఆ రెండు గంటలు కావాలంది. పొద్దుతిరుగుడు గారూ, మా బాబుకి ఆరేళ్లు. అంతసేపు వాళ్లమ్మని పిలవకుండా ఉంటాడా?

పొద్దుతిరుగుడు:
ఆరేళ్లవాడు రెండు గంటలు ఉండలేడండి. అరగంటతో మొదలుపెట్టండి, ఆ అరగంటా మీరు వాణ్ణి తీసుకొని బయటికెళ్లండి. ఇంటి తాళం మీ దగ్గరే పెట్టుకోండి, కాలింగ్ బెల్ కొట్టకండి.