క్లాంప్ మీటర్ పెడితే 0.00 చూపిస్తోంది, ఎందుకు?

ఎంవీపీ_కుర్రాడు:
డాబాగార్డెన్స్‌లో ఓ క్లాంప్ మీటర్ (వైరు తెంపకుండా దాని చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) కొన్నాను. మా హాల్లో ఒకటిన్నర టన్నుల ఏసీ ఎన్ని ఆంప్స్ లాగుతోందో చూద్దామని దాని నల్ల వైరుకి క్లాంప్ తగిలిస్తే, ఏసీ చల్లగా తిరుగుతున్నా స్క్రీన్ మీద 0.00 తప్ప ఇంకేం రావట్లేదు. మీటర్ పోయిందా? పాత పసుపు మల్టీమీటర్ ఉంది, దాని 10 ఆంప్స్ హోల్‌లో ప్రోబ్ పెట్టి చూడొచ్చా?

గాజువాక_వైర్‌మ్యాన్:
మీటర్‌కి ఏం కాలేదండి. ఆ నల్ల వైరు లోపల ఫేజు, న్యూట్రల్ రెండూ ఉన్నాయి. ఒకదాంట్లో వెళ్లిన కరెంటే రెండోదాంట్లో వెనక్కి వస్తుంది, రెండిటి అయస్కాంత క్షేత్రాలూ కొట్టేసుకుంటాయి, ఇక మీటర్‌కి ఏం మిగులుతుంది? ఫేజు వైరొక్కటే క్లాంప్ లోపల ఉండాలి. డీబీలో, అంటే ఇంటి కరెంటంతా పంచే పెట్టెలో, ఏసీ ఎంసీబీ (లోడెక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) దగ్గర ఆ వైరు విడిగా దొరుకుతుంది, కానీ మూత తీశాక లోపలంతా లైవే, అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఈఈఈ_ఫైనలియర్:
మల్టీమీటర్ సిరీస్‌లో, అంటే కరెంటు దాని గుండానే వెళ్లేలా, పెట్టినా వస్తుంది కదా అన్నా, ఆ ఏసీ లాగేది మహా అయితే ఏడెనిమిది ఆంప్సే.

గాజువాక_వైర్‌మ్యాన్:
లెక్క సరే తమ్ముడూ, పని మాత్రం వద్దు. ఆ చవక పసుపు మీటర్లలో చాలావాటికి 10 ఆంప్స్ రేంజి డీసీకే, ఇంటి కరెంటుకి కాదు. హోల్ పక్కన ‘అన్‌ఫ్యూజ్డ్’ అని రాసి ఉంటుంది చూడు. లోపల ఉండేది ఓ మందపాటి తీగ ముక్క, దాన్నే షంట్ అంటారు, రెసిస్టెన్స్ దాదాపు సున్నా. వోల్టేజీ చూద్దామని అలాగే తీసుకెళ్లి గోడ సాకెట్‌లో ప్రోబ్‌లు పెట్టావో, నేరుగా షార్టే.

సింహాచలం_రిటైర్డ్:
మీటర్ మీద అనుమానముంటే ముందు గీజర్ ఫేజు వైరు మీద చూడండి. 2000 వాట్లదైతే 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 రావాలి, వోల్టేజీ తగ్గితే కాస్త తగ్గుతుంది. ఇన్వర్టర్ ఏసీకైతే ట్రూ ఆర్‌ఎంఎస్ (కరెంటు తరంగం సాఫీగా లేకపోయినా సరిగ్గా కొలిచేది) అని రాసి ఉన్న మీటరే వాడండి, లేకపోతే రీడింగ్ తేడా రావచ్చు. పైగా అది గది చల్లబడ్డాక బాగా తగ్గించి లాగుతుంది, ఆన్ చేసిన వెంటనే చూసిన అంకె పట్టుకుని టెన్షన్ పడకండి. అన్నట్టు, రెండు వైర్లూ కలిపి పట్టడం కూడా వృథా కాదు. ఎక్కడైనా కరెంటు ఎర్త్‌కి లీకవుతుంటే అప్పుడు సున్నా రాదు, లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ ట్రిప్పయ్యేది ఈ లెక్క మీదే. ఇళ్లలో పెట్టేది సాధారణంగా 30 మిల్లీ ఆంప్స్‌ది, అంత చిన్న తేడా చూడాలంటే మాత్రం లీకేజీ క్లాంప్ వేరే ఉంటుంది.

ఎంవీపీ_కుర్రాడు:
థాంక్సండీ ఇద్దరికీ. మీటర్ మీద ట్రూ ఆర్‌ఎంఎస్ అనే ఉంది. డీబీ మూత జోలికి నేను పోను, సాయంత్రం ఎలక్ట్రీషియన్ వస్తే గీజర్, ఏసీ రెండూ చూపించమంటాను.