పాడగ పాడగా, అనగననగా?

బడిపంతులమ్మ: ఎల్లుండి టీచర్ల ట్రైనింగ్‌లో చర్యా పరిశోధన (యాక్షన్ రీసెర్చ్, టీచరు తన క్లాసులోనే మార్పు చేసి ఫలితం చూసుకోవడం) గురించి పావుగంట మాట్లాడాలండి. వేమన పద్యంతో ఎత్తుకుందామని "పాడగ పాడగ రాగమతిశయిల్లుచునుండు" అని రాసుకున్నా, పైకి చదివితే ఎక్కడో కాలు తడబడుతోంది. ఇంకోటి, మూడో పాదంలో "సాధనమున" అంటే సాధన వల్లా, పనిముట్టు వల్లా?

గణపిచ్చి: "అనగననగ" అమ్మా. ఇది ఆటవెలది, సూర్యగణంతో మొదలవ్వాలి, అంటే మూడు లఘువులు గానీ, గురువూ లఘువూ గానీ. "పాడగ" భగణం, గురువు మీద రెండు లఘువులు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ, అది కూడా పోయింది, "అనగ"లో అ కి "రాగము అతిశయిల్లు"లో అ తోనే కుదిరేది.

వేపచెట్టు: సామెతని తెచ్చి పద్యంలో కలిపారు మేడం. "పాడగా పాడగా రాగం, మూలగ మూలగ రోగం". అసలు మీ టాపిక్‌కి ఈ పద్యం అతకదు, ఎంత తిన్నా వేపాకు వేపాకే, మారేది నాలుక. చర్యా పరిశోధన గురించి కర్ట్ లెవిన్ అనే మనస్తత్వవేత్త 1946లో చెప్పింది వేరు, ఓ అడుగేసి, ఏమైందో చూసుకుని, ప్లాన్ మార్చి మళ్ళీ అడుగెయ్యమని. చేసిందే చేస్తే బట్టీ అంటారు.

బీఈడీ బాధితుడు: మాకైతే సీనియర్ రికార్డు కాపీ కొట్టడమే చర్యా పరిశోధన 😀 ప్రీటెస్టు, పోస్టుటెస్టు, సగటు పెరిగింది, సంతకం.

బడిపంతులమ్మ: నాది కాపీ కాదు బాబూ. ఆరో తరగతిలో ఎక్కాలు నాకు అప్పజెప్పడం మాన్పించి జంటలుగా ఒకళ్ళనొకళ్ళు అడుక్కోమన్నా, మొదటివారం సంతే, తర్వాత ఓ పిల్ల తన జోడీ తప్పే లెక్కలు మాత్రం చీటీల మీద రాసుకొచ్చింది, నేను చెప్పకుండానే క్లాసంతా చీటీలైపోయాయి. తప్పితే మొట్టికాయ అనే రూలు కూడా అలాగే పాకింది, అది మాన్పించడానికి ప్లాన్ మార్చా.

వేపచెట్టు: చూశారా, రాగమూ రోగమూ రెండూ! చిన్న చిన్నవి పెనవేసుకుని పెద్దవెలా అవుతాయో చూసే కాంప్లెక్సిటీ వాళ్ళు చెప్పేదీ ఇదే, చిన్నది పెరిగితే మంచే పెరగాలని లేదు. సామెతే వాడండి.

గణపిచ్చి: కాంప్లెక్సిటీని తెలుగులో సంక్లిష్టత అనకండి, క్లిష్టంలో క్లేశం ఉంది. లాటిన్ మూలంలో ఉన్నది పెనవేసుకోవడం. మనకి జటిలం ఉందిగా, జట నుంచి వచ్చింది, అచ్చం జడ అల్లిక.

వేపచెట్టు: పేపర్లో "సమస్య జటిలం" అని రోజూ వేస్తుంటే జడ ఎవరికి గుర్తొస్తుందండీ!

గణపిచ్చి: పేపర్లని బట్టి వేమనని చదువుతామా?

బడిపంతులమ్మ: సాధనమున సంగతి ఎవరూ చెప్పలేదు...

గణపిచ్చి: వస్తున్నా అమ్మా, ముందు దాన్ని "సాధనమ్మున" అని చదివేవాళ్ళ సంగతి తేల్చనీ. నమ్మున మళ్ళీ భగణమే.