డొమైన్ పేరు ముందే కొన్నాను, ఇప్పుడు నోటీసు వచ్చింది

ప్రశ్న (కావలి): నెల్లూరు చేపల పులుసు పేరుతో 2014లో ఒక డాట్ కామ్ చిరునామా రిజిస్టర్ చేసి, ఏటా రుసుము కడుతున్నాను. పేజీలో ‘అమ్మబడును’ అన్న ఒక్క పంక్తే ఉంది. 2021లో ట్రేడ్‌మార్కు పొందిన ఒక హోటల్ వారు, నేను పేరును కబ్జా చేశానంటూ లాయరు నోటీసు పంపారు. అమ్మకానికి పెట్టడమే తప్పా?

జవాబు (ఒంగోలు): కాదండీ. ఇంటర్నెట్ చిరునామాల వ్యవస్థను చూసే ఐకాన్ (ICANN) సంస్థ 1999లో ఆమోదించిన వివాద పరిష్కార విధానం ప్రకారం, పేరు తమ మార్కును పోలి ఉందనీ, మీకు న్యాయమైన హక్కు లేదనీ, దురుద్దేశంతోనే రిజిస్టర్ చేసి వాడుతున్నారనీ వారే నిరూపించాలి. మార్కుకు ముందే కొన్నారు గనుక చివరిది వారికి కష్టం. మొదటి రసీదు వెతకండి.

జవాబు (కందుకూరు): తొందరపడి వారికి ధర చెప్పకండి. నేను రెండు లక్షలు అడుగుతూ రాసిన ఉత్తరాన్నే నాపై సాక్ష్యంగా చూపారు.

ప్రశ్న అడిగినవారు: 2014 నాటి రసీదు పాత మెయిల్లో దొరికిందండీ.