గురువేమో బౌద్ధ సన్యాసి, మంత్రేమో బుద్ధుణ్ణి తిట్టేవాడు: ఈ కొరియా రాజు కథేంటి?

బ్యారన్ కాపలా (కందుకూరు):
మాకు ఇప్పుడు పొగాకు క్యూరింగ్. రాత్రంతా బ్యారన్ (పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గరే నా పడక. గంటకోసారి లేచి పొయ్యిలోకి రెండు మొద్దులు తోసి, థర్మామీటర్ చూసి, మళ్లీ మంచమెక్కి ఫోన్లో కొరియా రాజుల సీరియల్. మొన్న అందులో మునిగిపోయి వేడి పడిపోయింది చూసుకోలేదు. తెల్లారాక మా నాయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

డౌట్ ఏంటంటే, 1392లో చోసన్ రాజ్యం పెట్టిన యి సాంగ్గేకి ముహక్ అనే బౌద్ధ సన్యాసి గురువు. చాంగ్ దోజన్ అనే కుడిభుజం మాత్రం బౌద్ధం తప్పని పుస్తకమే రాశాడు. ఇద్దరూ ఒకే రాజు దగ్గర ఎట్టా ఇమిడారు?

ఒంగోలు మాస్టారు:
నాయనా, అంతకుముందు రాజ్యం కొర్యో సంగతి చూడు. దాన్ని 918లో వాంగ్ గాన్ స్థాపించాడు. ఆయన ఎవర్ని దించి ఎక్కాడనుకున్నావు? తానే మైత్రేయుణ్ణని, అంటే ముందుముందు రాబోయే బుద్ధుణ్ణని చెప్పుకున్న కుంగ్ యేని! వాంగ్ గాన్ 943లో వారసులకు రాసిన పది సూత్రాల్లో మొదటిదే బుద్ధుడి దయవల్ల రాజ్యం నిలిచిందని. గుళ్లు ఇష్టమొచ్చినట్టు కట్టొద్దనీ అందులోనే ఉంది. ఆ మాట ఎవరూ వినలేదు. నాలుగొందల ఏళ్లలో మఠాల కింద పొలాలు, బానిసలు పోగయ్యారు. ఖజానా ఖాళీ. యి సాంగ్గే వర్గం 1390లో పాత భూమి దస్త్రాలు తగలబెట్టి, మరుసటేడు కొత్త భూచట్టం తెచ్చింది. గద్దె ఎక్కింది ఆ తర్వాతే.

అద్దంకి వాడు:
అంటే భక్తి ఉత్త నాటకమా సార్? మన అద్దంకి రెడ్డిరాజ్యం పెట్టిన ప్రోలయ వేమారెడ్డి కూడా అగ్రహారాలు తిరిగి ఇచ్చాడు, శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. కొత్త రాజుకు అదో అవసరం కదా.

ఒంగోలు మాస్టారు:
నాటకమంటే నేనొప్పను. సరిగ్గా ఆ రెండేళ్లలోనే యి సాంగ్గే భార్యతో కలిసి, మైత్రేయుడి రాక కోసం కుంగాంగ్ కొండల్లో వెండి ధాతుపాత్ర (బుద్ధుడి అవశేషాలు ఉంచే పాత్ర) దాచాడు. పక్కన తెల్ల పింగాణీ గిన్నెలు. 1932లో అడవి మంటలు పాకకుండా కందకం తవ్వుతుంటే బయటపడ్డాయి. మఠాల నడ్డి విరిచింది కొడుకు థేజాంగ్. 1406లో 242 మఠాలు ఉంచి, మిగతావాటి పొలాలు లాగేసుకున్నాడు. 1424కి మనవడు సేజాంగ్ వాటినీ 36కి తెచ్చాడు. ఆ చాంగ్ దోజన్‌ను కూడా 1398లో చంపించింది ఈ థేజాంగే, అప్పటికింకా రాజు కాలేదు.

బ్యారన్ కాపలా:
అర్థమైంది మాస్టారూ. మా ఊళ్లో దేవుడి మాన్యం కౌలు వేలం రోజు చూడాలి మీరు. పొద్దున కొబ్బరికాయ కొట్టి కళ్లకద్దుకున్నవాళ్లే, మధ్యాహ్నానికి ఆ పొలం కోసం చొక్కాలు పట్టుకుంటారు. భక్తి అబద్ధం కాదు, పొలం మీద ఆశా అబద్ధం కాదు.

ఉండండి, పొయ్యి చూసొస్తా. ఈసారి వేడి పడిపోతే మా నాయన ఫోన్ కూడా పొయ్యిలోకే తోస్తాడు.