ద్వీప దేశాల అధికారులకు రెండు వారాల శిక్షణ: ఏమి చెబితే పనికొస్తుంది?

గోదావరిగట్టు:
గ్రామీణాభివృద్ధిలో పనిచేసి రిటైరయ్యాను. హైదరాబాదులో ఒక సంస్థ వారు ఐటెక్ (విదేశీ అధికారులకు మన ప్రభుత్వం ఇచ్చే శిక్షణ) బ్యాచ్‌కి పాఠాలు చెప్పమన్నారు. మాల్దీవులు, ఫిజీ, తువాలు, కిరిబాటి నుంచి పాతికమంది అధికారులు. అంశం 'నాయకత్వం'. నా దగ్గరున్నది డ్వాక్రా సంఘాల, నీటి సంఘాల అనుభవమే. పనికొస్తుందా? ఒకరోజు ఏ పల్లెకు తీసుకువెళ్లాలి? భోజనాల సంగతి కూడా చెప్పండి.

పగడపుదిబ్బ:
మాల్దీవులలో ఆరేళ్లు లెక్కలు చెప్పాను. నేనున్న దీవిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడక పదిహేను నిమిషాలు. కౌన్సిల్ ఆఫీసులో ఒకే మనిషి ధ్రువపత్రాలు రాస్తాడు, చెత్త తీసుకుపోయే పడవ కోసం ఫోన్లు చేస్తాడు, జనరేటరు డీజిలుకు సంతకం పెడతాడు. ఆయన ఇండియాలో శిక్షణకు వెళ్లిన మూడు వారాలూ మా కాగితం ఒక్కటీ కదలలేదు. తిరిగొచ్చి చూపించింది తాజ్‌మహల్ ముందు ఫొటో. నాయకత్వం గురించి మాట్లాడే ముందు, ఆయన కుర్చీలో ఎవరు కూర్చుంటారో ఆలోచించండి.

పన్నుకట్టేవాడు:
శిక్షణ ఒక్కటేనా? మాల్దీవుల రాజధాని మాలెలో 50 కోట్ల డాలర్ల వంతెన ఉచితంగా కట్టిస్తున్నాం. మా ఊరి వంతెనకు పదేళ్లుగా శంకుస్థాపన రాయి తప్ప దిక్కులేదు.

బ్యాంకుబాబాయి:
ఉచితమని ఎవరు చెప్పారు? గ్రాంటు 10 కోట్ల డాలర్లే. మిగిలిన 40 కోట్లు ఎగ్జిమ్ బ్యాంకు (ఎగుమతి, దిగుమతులకు అప్పులిచ్చే మన ప్రభుత్వ బ్యాంకు) ద్వారా ఇచ్చే రుణం. పైగా ఇలాంటి రుణాలలో సాధారణంగా 75 శాతం సరుకులు, సేవలు మన దేశం నుంచే కొనాలి.

పన్నుకట్టేవాడు:
అయితే తక్కువ వడ్డీకి అప్పివ్వడం సాయం కాదా?

బ్యాంకుబాబాయి:
సాయమే. దానమని చెప్పుకోకండి అంటున్నాను. మా పెదనాన్నకు ఎరువుల కొట్టు ఆయన అప్పిచ్చి, ఎరువు తన కొట్టులోనే కొనమన్నాడు. ఊళ్లో అందరూ ఆయనను ధర్మాత్ముడు అనేవారు. అరెకరం పోయాక పెదనాన్న మాత్రం అనడం మానేశాడు.

పన్నుకట్టేవాడు:
దేశాన్ని ఎరువుల కొట్టుతో పోలుస్తారా? ఈ పెద్దమనిషికి ఇంకేమి చెప్పాలి!

ఆచార్యులవారు:
ఇద్దరూ శాంతించండి. ఇరవై దేశాల వారికి పాఠాలు చెప్పినవాడిని కాబట్టి అంటున్నాను. ఐటెక్ 1964 నుంచి ఉంది. 2019 ఒప్పందం కింద మాల్దీవుల సివిల్ సర్వీసు అధికారులు వెయ్యిమంది అయిదేళ్లలో శిక్షణ పొందారు. 2024లో మరో వెయ్యిమందికి ఒప్పందం పొడిగించారు. దండగైతే పొడిగిస్తారా? గోదావరిగట్టు గారూ, మొదటి రోజు దార్శనికత, రెండో రోజు బృంద నిర్మాణం, మూడో రోజు…

పగడపుదిబ్బ:
అయిదు లక్షల పైచిలుకు జనమున్న దేశంలో వెయ్యిమంది అధికారులంటే ఎన్ని ఆఫీసులకు తాళం పడుతుందో ఆ లెక్క కూడా వేయండి ఆచార్యా. తువాలు జనాభా పదకొండు వేలు. మన మండలం కంటే చిన్న దేశం.

ఉప్పుగాలి:
నేను ఫిజీలో సోలారు పరికరాల మరమ్మతు చేశాను. రాజస్థాన్‌లోని టిలోనియాలో ఫిజీ, కిరిబాటి వంటి దీవుల ఆడవాళ్లకు ఆరు నెలలు సోలారు పని నేర్పారు. చాలామంది చదువు రాని అమ్మమ్మలే. తీగల రంగులు, చేతి సైగలతోనే పాఠం. మగవాళ్లకు నేర్పితే సర్టిఫికెట్టు పుచ్చుకుని పట్నం పోతారని, అమ్మమ్మ ఊరు వదలదని అక్కడివారి వాదన. నాయకత్వ శిక్షణలన్నిటిలో నాకు నచ్చిన మాట అదొక్కటే. కానీ నేర్చుకుని వెళ్లాక విడిభాగాలు ఎక్కడివి? ఉప్పుగాలికి టంకం వేసిన చోటల్లా పచ్చగా చిలుము పట్టేది. నలభై రూపాయల ఫ్యూజు కోసం మూడు వారాలు పడవ కోసం చూశాను.

మారిషస్‌తెలుగు:
అందరూ మాల్దీవులే అంటారు, మేము గుర్తుకురామా? 2016లో ఇండియా ఇచ్చిన 35.3 కోట్ల డాలర్ల ప్యాకేజీతో మాకు మెట్రో, ఈఎన్‌టీ ఆసుపత్రి, సుప్రీంకోర్టు భవనం వచ్చాయి. ఉగాది మాకు దేశమంతా సెలవు. తెలుగు పాఠాలు చెప్పేవారు మాత్రం తగ్గిపోతున్నారు. శిక్షణ ఇచ్చేదేదో దానికి ఇవ్వండి.

పన్నుకట్టేవాడు:
ఉగాదికి సెలవా! పచ్చడికి వేపపువ్వు దొరుకుతుందా అక్కడ?

గోదావరిగట్టు:
అయ్యలారా, నా పల్లె ప్రశ్న అలాగే ఉండిపోయింది. నీటి సంఘాల మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

పగడపుదిబ్బ:
ఏ నీరండీ? మాల్దీవులలో ఏరు లేదు, కాలువ లేదు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలచగా తేలుతుంది. మోటారుతో ఎక్కువ తోడితే బావి ఉప్పెక్కుతుంది. 2014 డిసెంబరులో మాలెలో ఉప్పునీటిని మంచినీటిగా మార్చే ప్లాంటులో నిప్పంటుకుంటే మన విమానాలు, ఓడలు నీళ్లు మోశాయి. మీ కాలువ వంతులు కాదు, పక్కవాడు ఎక్కువ తోడుతుంటే మీ సంఘం ఎలా ఆపిందో చెప్పండి. అది వింటారు.

ఆచార్యులవారు:
పల్లె ఎందుకు? హైదరాబాదులోనే ఇన్‌కాయిస్ ఉంది, సునామీ హెచ్చరికల కేంద్రం. అక్కడికి తీసుకువెళ్లండి.

ఉప్పుగాలి:
అది చూసేది హిందూ మహాసముద్రాన్ని. బ్యాచ్‌లో మూడు దేశాలు పసిఫిక్‌లో ఉన్నాయి ఆచార్యా, ఇరవై దేశాల వారికి చెప్పినవారు పటం చూడలేదా?

ఆచార్యులవారు:
పద్ధతి నేర్చుకోవడానికి ఏ సముద్రమైతేనేమి?

గోదావరిగట్టు:
సరే, మొదటి రోజు స్లైడ్లు తీసేశాను. "మీరు ఇక్కడుంటే మీ కుర్చీలో ఎవరున్నారు?" అని అడిగి కూర్చుంటాను. భోజనాల సంగతి?

పగడపుదిబ్బ:
మాల్దీవుల వారికి హలాల్ అని ముందే చెప్పి పెట్టండి. చేప లేకపోతే వారికది భోజనమే కాదు. కారం మాత్రం తగ్గించకండి, వాళ్లు మనకంటే ఎక్కువే తింటారు.